చుక్క డీజిలు తాగని బండి

నేను చేసిన వెధవ పనులన్నిటినీ ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఆ వరస కంచరపాలెం రైల్వే గేటు దగ్గర మొదలై భీమిలి సముద్రపు ఒడ్డుదాకా సాగుతుంది. ఆ వరసకి ముందు నిలబడి జెండా ఊపేది మాత్రం ఇప్పుడు చెప్పబోయే ఉదంతమే. చదువుతూ మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మా ఇంట్లో పదేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. పేరు అప్పలరాజు. మా తాత సముద్రం మీద వేటకి వెళ్ళినవాడే గానీ, మా నాన్న పోర్టులో కళాసీగా చేరి కంచరపాలెంలో స్థిరపడిపోయాడు. నేను ఇటు సముద్రానికీ కాకుండా, అటు పోర్టుకీ కాకుండా మధ్యలో రోడ్డు మీద పడ్డాను. ఆరేళ్ళు పరాయి బళ్ళు తోలి, చివరికి సొంతంగా ఒక పికప్ కొన్నాను. తెల్లటి బండి. కొన్న కొత్తలో దాన్ని నేను తుడిచినంత శ్రద్ధగా మా అమ్మ నన్ను చిన్నప్పుడు తుడిచి ఉండదు.

షోరూంలో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, "లీటరుకి ఇరవై సార్, పక్కా" అన్నాడు.

"లోడుతోనా అండీ?" అని అడిగాను.

దానికి జవాబుగా ఆయన నాకు కాఫీ తెప్పించాడు. ఆ కాఫీలోనే నాకు అనుమానం రావలసింది. కానీ కాఫీ బాగుంది.

ఆ ఇరవై ఎక్కడ వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎదురుగాలి లేని, ఎత్తుపల్లాలు లేని, ఆనందపురం కూడలి లేని, రోడ్డుకి అడ్డంగా పడుకుని ఆలోచించుకునే గేదెలు లేని ఏదో పుణ్యలోకంలో వచ్చి ఉంటుంది. నా లోకంలో మాత్రం చేపల పెట్టెలు, వాటి మీద మంచు, ఆ మంచు కరిగి కారే నీళ్ళు, అన్నీ కలిపి బండి లాగాలి. మొదటి నెల పదమూడు ఇచ్చింది. టైర్లలో గాలి చూపించాను. మళ్ళీ పదమూడు. బంకు మార్చాను. పదమూడు. చెప్పులు విప్పేసి, ఒట్టి కాలితో మెత్తగా తొక్కి చూశాను. పదమూడున్నర! ఆ అరని చూసుకుని ఆ రోజంతా మురిసిపోయాను.

ఇంతవరకూ ఇది నాకూ బండికీ మధ్య విషయం. మూడో మనిషి తల దూర్చకపోతే అలాగే గడిచిపోయేది. ఆ మూడో మనిషి పేరు నూకరత్నం.

భీమిలిలో పోలయ్య అని ఒక పడవ యజమాని ఉండేవాడు. మాకు దూరపు చుట్టం, వరసకి మావ అవుతాడు. ఆయన పడవతోపాటు ఇంకో నాలుగు పడవల చేపలు పొద్దున్నే ఎక్కించుకుని విశాఖ హార్బరుకి చేర్చడం నా పని. రత్నం ఆయన ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. డిగ్రీ చదువుకుంది. అయినా పొద్దున్న పడవలు ఒడ్డుకి రాగానే తూకం మాత్రం తనే పట్టేది. గ్రాము అటూ ఇటూ కానిచ్చేది కాదు. కొనేవాడు కాటా మీద వేలు పెడితే, ఆ వేలు కూడా తూకంలో కలిపి డబ్బులు అడుగుతుందని పేరు.

తూకం చూసి ఆ అమ్మాయి అంకె పైకి చెబితే, నేను పెట్టె బండిలోకి ఎక్కించాలి. "ముప్పై రెండు." ఎక్కించేవాణ్ణి. "ఇరవై తొమ్మిది." ఎక్కించేవాణ్ణి. నాలుగు నెలల్లో ఆ అమ్మాయి నోట నేను విన్నవి అంకెలే. ఒక్క మాట లేదు. ఆ అంకెలనే మూటగట్టుకుని బీచి రోడ్డంతా నాలో నేను చెప్పుకుంటూ పోయేవాణ్ణి. "ముప్పై రెండు" అన్నప్పుడు గొంతు కొంచెం మెత్తబడిందా? "నలభై ఒకటి" అన్నప్పుడు నా వైపు చూసిందా, పెట్టె వైపు చూసిందా? మీకు నవ్వొస్తుంది. నాకు ఆ రోజుల్లో అన్నం సహించేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు పక్క సీటు ఖాళీగా ఉంటే, దాని మీద పేరుకున్న ఇసుకని తుడిచేవాణ్ణి. ఎవరో కూర్చోబోతున్నట్టు.

ఒక రోజు పెట్టెలు ఎక్కించాక పోలయ్య మావ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చేత్తో చరిచాడు.

"ఏటిరా అప్పల్రాజూ, కొత్త బండి ఎంతిత్తంది?"

నోరు తెరిచి పదమూడు అనబోయాను. సరిగ్గా అప్పుడే రత్నం కాటా మీది నుంచి తలెత్తి చూసింది. నాలుగు నెలల్లో మొదటిసారి, పెట్టె వైపు కాదు, నా వైపు.

"ఇరవై మావా!" అన్నాను.

"లోడుతోనే?"

"లోడుతోనే."

"మంచుగడ్డలతోనే?"

"మంచుంటే ఇంకో అర ఎక్కువిత్తాది మావా. ఇంజను సల్లగుంటాది గదా."

చూశారా? ఇరవై అనేది షోరూం ఆయన అబద్ధం. ఆ అర మాత్రం నా సొంతం.

రత్నం తల దించుకుంది. పెదవి కొరుక్కున్నట్టు కనిపించింది. మెచ్చుకుంటోందనుకున్నాను. మనిషికి ప్రేమలో కళ్ళు కనపడవంటారు గానీ, నాకు కళ్ళు కనపడ్డాయి. బుర్రే పనిచేయలేదు.

ఆ ఊపులో మా మేనత్త చేత పోలయ్య మావ చెవిన మాట వేయించాను, అబ్బాయి ఇలా అనుకుంటున్నాడని. ఆయన అవుననలేదు, కాదనలేదు. మర్నాడు నన్ను పక్కకి పిలిచాడు.

"నాను ముప్పయ్యేళ్ళ నుంచీ ఇంజను ఏసుకుని సముద్రం మీదకెల్తన్నాను. డీజిలు ఇంతుంది, ఇంత దూరం వత్తాది అని ఒకడు సెప్తాడు. ఆ మాట నమ్ముకుని ఎల్తాం. ఆడు తప్పు సెప్తే తిరిగి రాం. అంచేత మనిసి మాట ఎలాటిదో నాను డీజిలు కాడే సూత్తాను."

"అలాగే మావా," అన్నాను.

"లచ్చివారం నానూ నీ బండెక్కుతాను. బంకు కాడ ట్యాంకు నిండుగా కొట్టిద్దాం. తిరిగొచ్చాక మళ్ళీ నింపుదాం. ఎంత పడితే అంత తాగినట్టు. ఎర్రయ్య పెద్ద దగ్గరుండి సూత్తాడు. బండి నువ్వు సెప్పినట్టిత్తే ఐదు పడవల లోడూ ఎప్పటికీ నీదే. పిల్ల సంగతి కూడా ఆ రోజే మాటాడుకుందాం."

ఎర్రయ్య ఆ అయిదుగురు పడవల వాళ్ళలో పెద్దాయన. పళ్ళు కొన్నే మిగిలాయి గానీ మాటకి ఇంకా పదునుంది.

కంచరపాలెంలో పంక్చర్లు వేసే సింహాచలం నాకు చిన్నప్పటి స్నేహితుడు. ఒకళ్ళనొకళ్ళం బావా అనుకుంటాం. పరుగెత్తుకుంటూ వాడి దగ్గరికి పోయాను.

"బావా, ఇప్పుడు నానేటి సెయ్యాల?"

"నిజం సెప్పీ."

"అది తప్ప ఇంకేటైనా సెప్పు."

వాడు కాసేపు గడ్డం గోక్కుని, ఒక పాత టైరు మీద సుద్దముక్కతో లెక్క రాశాడు. భీమిలి నుంచి ఆనందపురం మీదుగా హార్బరుకి వెళ్ళి, బీచి రోడ్డున తిరిగి వస్తే డెబ్బై కిలోమీటర్లు. ఇరవై లెక్కన మూడున్నర లీటర్లు తాగాలి. పదమూడు లెక్కన అయిదుంపావు పైనే తాగుతుంది.

"దారిలో ఎక్కడో ఒక రెండు లీటర్లు పోసీ బావా. సరిపోద్ది."

"తప్పు కాదేటి?"

"తప్పే. అందుకే రెండే పొయ్యమన్నాను."

ఆ రెండు లీటర్లూ క్యానులో పోసి, పాత లుంగీలో చుట్టి, సీటు వెనక దాచాను.

గురువారం పొద్దున్నే భీమిలి పొలిమేరలోని బంకు దగ్గర ట్యాంకు నింపించారు. ఎర్రయ్య పెద్ద తృప్తిపడక, ట్యాంకు మూతిలోకి వేలు పెట్టి తడి చూసి, ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించాడు. పోలయ్య మావ తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కన ఎక్కి కూర్చున్నాడు. పక్క సీటులో ఎవరో ఒకరు కూర్చోవాలని నేను అన్ని నెలలు మొక్కుకున్నాను. మొక్కు తీరింది. మనిషే మారాడు.

ఆ రోజు నేను బండి తోలిన తీరు చూసి ఉంటే మీరు నన్ను మెచ్చుకునేవారు, లేదా ఆస్పత్రిలో చేర్పించేవారు. నలభైకి మించనివ్వలేదు. ఏసీ వేస్తే డీజిలు పోతుందని ఆపేశాను. అద్దాలు దించితే గాలి అడ్డుపడి డీజిలు పోతుందని ఎవరో చెబితే అవీ ఎక్కించేశాను. తగరపువలస నుంచి వచ్చే బస్సులు హారను కొట్టి కొట్టి విసిగి, తిట్టి మరీ దాటాయి. ఆనందపురం దగ్గర చిన్న ఎత్తులో సైకిలు మీద పాలాయన మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

పోలయ్య మావ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఒరే, సేపల్ని ఎనకాల మంచులో ఎట్టి, మనిసిని ముందు ఉడకబెడతన్నావేటి?" అన్నాడు.

"పొద్దున్న గాలి మంచిది కాదు మావా."

"బండి నడుపుతన్నావా, ఊరేగింపు తీత్తన్నావా?"

"జాగర్త మావా. పెద్దోళ్ళు ఎక్కారు గదా."

ఆయన నా వైపు ఒక చూపు చూసి, తువ్వాలు విసనకర్రలా ఊపుకోసాగాడు.

ఆనందపురంలో రెండు పెట్టెలు దింపాం. హార్బరుకి చేరేసరికి ఎండ ముదిరింది. "నువ్వు దింపుకో. నాను కనబడాల్సినోళ్ళున్నారు" అని పోలయ్య మావ పడవల వైపు పోయాడు. తాళాలు బండికే వదిలేసి, పెట్టెలు లోపలికి మోసుకెళ్ళి, లెక్క అప్పజెప్పి, చీటీ రాయించుకుని వచ్చేసరికి అరగంట పట్టింది. వచ్చేసరికి ఆయన బండి పక్కనే నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

బండి ఎక్కగానే గుప్పుమని డీజిలు వాసన. క్యాను కారుతోందనుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేను, చూడకుండా ఉండలేను. మెడ పట్టేసినవాడిలా కూర్చున్నాను.

పోలయ్య మావ ముక్కు ఎగబీల్చాడు. "డీజిలోసనొత్తంది గదా?"

"కొత్త బండి మావా. కొన్నాళ్ళు అలాగే వత్తాది."

"బాగుంది. పడవ మీదున్నట్టుంది," అని ఆయన హాయిగా వెనక్కి ఆనుకున్నాడు.

బీచి రోడ్డు ఎక్కాక ఆయన కాస్త మెత్తబడ్డాడు. కుడివైపు సముద్రం ఎండకి మెరుస్తోంది. రుషికొండ దాటాక దాని వైపు చూస్తూ, నాతో కాదన్నట్టుగా చెప్పాడు. "మా రత్నం పదేళ్ళప్పుడు ఆళ్ళమ్మ పోయింది. అప్పట్నుంచీ ఆ గుంట సిన్నపిల్లలా ఒక్కరోజు నేదు. నవ్వితే సూడాలనుంటాది. నవ్వదు."

నవ్విస్తాను మావా, అనాలని ఉంది. కానీ సీటు వెనక రెండు లీటర్ల అబద్ధం పెట్టుకుని ఆ మాట ఎలా అంటాను? ఇది బయటపడితే రేపటి నుంచి ఆ ఒడ్డుకి రానివ్వరు. ఆ అంకెలు కూడా వినపడవు. వేరెవడో బండి తెచ్చి, వేరెవడో పెట్టెలు ఎక్కిస్తాడు, ఆ అమ్మాయి వాడికి "ముప్పై రెండు" అని చెబుతుంది. ఆ ఊహ వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అద్దాలు మూసి ఉండబట్టి చెమట అనుకున్నాడు ఆయన.

మంగమారిపేట దగ్గర, "ఒరే, ఆపు. మా తోడల్లుణ్ణి పలకరించి పది నిమిసాల్లో వత్తాను," అని దిగాడు. ఆయన వీధి మలుపు తిరగగానే క్యాను తీశాను. గమ్మత్తేమిటంటే అది కారనే లేదు. పొడిగా ఉంది. ఆశ్చర్యపోవడానికి తీరిక లేక ట్యాంకు మూత తీసి పోసేశాను. రెండు లీటర్లకే నురగతో గొంతుదాకా పొంగి వచ్చింది. అంతా నురగే అనుకున్నాను. మూత బిగించి, చేతులు ఇసుకతో రుద్దుకుని, లోకంలో నా అంత అమాయకుడు లేడన్నట్టు నిలబడ్డాను.

భీమిలి చేరాక నేరుగా బంకుకి పోతామనుకుంటే, మావ, "ఎండలో పడొచ్చాం. ముందు అన్నం తిని ఎల్దాం," అన్నాడు. వాళ్ళింట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. తాళాల గుత్తి గుమ్మం పక్క మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. రత్నం కంచాలు పెట్టింది. వంజరం పులుసు. నా కంచంలో ముక్కలు వేస్తూ ఒక్కసారి నా కళ్ళలోకి చూసి, తల చిన్నగా ఊపింది. భయపడకు అన్నట్టు. నేను మాత్రం ఇదే ఆఖరి చూపు కాబోలు అనుకుని, ముల్లు కూడా చూసుకోకుండా మింగేశాను.

అన్నం వడ్డించి తను పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి, మజ్జిగ పోసింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నట్టు ఎర్రగా ఉన్నాయి. నేను లేచి తాళాలు తీసుకుంటే అవి జిడ్డుగా తగిలాయి. నా చేతి జిడ్డే అనుకున్నాను. ఆ రోజు నేను తప్పుగా అనుకోని విషయం ఒక్కటైనా ఉందేమో, ఉంటే మీరే చెప్పాలి.

బంకు దగ్గర ఎర్రయ్య పెద్ద, మిగతా పడవల వాళ్ళు కాచుకుని ఉన్నారు. రత్నం కూడా తండ్రి వెనకే నడిచి వచ్చి దూరంగా నిలబడింది. ఎర్రయ్య పెద్ద బండి మీటరు చూసి, "డెబ్బై," అని అందరికీ వినపడేలా చెప్పాడు. బంకులో పనిచేసే ఆవిడ పంపు మీటరు సున్నాకి తెచ్చి, ట్యాంకు మూత తిప్పింది.

మూత పూర్తిగా రాకముందే డీజిలు బుసబుసమని బయటికి వచ్చి, నా కొత్త బండి తెల్లటి పక్క మీదుగా కాలవలా కారింది.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, అయినా ఉద్యోగ ధర్మంగా గొట్టం పెట్టి నొక్కింది. టక్కున ఆగింది. మళ్ళీ నొక్కింది. టక్. "పట్టట్లేదండి," అంది.

"ఎంత పడింది?" అన్నాడు పోలయ్య మావ.

"ఏటీ పడనేదండి. సున్నా."

డీజిలు బొట్లు సిమెంటు మీద టపటప పడుతున్నాయి. డెబ్బై కిలోమీటర్లు, లోడుతో, మంచుతో. చుక్క తాగలేదు నా బండి. తాగకపోగా ఎదురిచ్చింది.

ఎర్రయ్య పెద్ద ముందుగా తేరుకున్నాడు. "ఒరే పోలిగా, ఇంకో రెండు రౌండ్లు తిప్పించరా! మన పడవలన్నిటికీ సరిపడా డీజిలు ఈ బండే ఇచ్చేత్తాది!"

అంతే. ఆ నవ్వులకి బంకు పైకప్పు రేకులు అదిరాయి. ఎర్రయ్య పెద్ద నవ్వి నవ్వి మీటరు స్తంభాన్ని పట్టుకుని కిందికి జారిపోయాడు. నేను బండి చాటుకి జరిగాను. అక్కడ డీజిలు కారుతోంది. ఇటు జరిగాను. ఇటు పోలయ్య మావ ఉన్నాడు. ఆయన ఒక్కడే నవ్వడం లేదు.

"ఏటిరా ఇది?"

ఇక దాచడానికి ఏముంది? ట్యాంకే నిజం కక్కేసింది. "నానే మావా. ఇరవై రాదు. పదమూడే వత్తాది. మంగమారిపేట కాడ రెండు లీటర్లు పోసీసాను. నువ్వు ఒప్పుకోవేమోనని..."

అప్పుడు దూరంగా నిలబడ్డ రత్నం ముందుకి వచ్చింది.

"నానూ పోసాను నాన్నా. మీరు అన్నం తింతన్నప్పుడు. పడవ క్యానులోంచి రెండు లీటర్లు."

గ్రాము తేడా ఒప్పుకోని మనిషి నా కోసం రెండు లీటర్లు తప్పింది. నాలుగు నెలలు అంకెలు తప్ప వినని గొంతులోంచి అన్ని మాటలు ఒక్కసారి విన్నాను. వాటిలోనూ ఒక అంకె ఉంది, ఫర్వాలేదు.

"నీకెందుకే?" అన్నాడు తండ్రి.

"పిన్ని కొడుక్కీ ఇదే బండి గదా నాన్నా. పదమూడుకి మించి రాదని నాకు ముందే తెల్సు. ఈయన ఇరవై అన్నప్పుడే... పాపం, మొకం సూసాను."

పాపం! మెచ్చుకోలు అనుకున్నది జాలి అని అప్పుడు తెలిసింది. అయినా సరే, ఆ జాలిని నేను ఇప్పటికీ ఎవరికీ ఇవ్వను.

పోలయ్య మావ నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు, కారుతున్న ట్యాంకుని చూశాడు. చాలాసేపు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఇటు తిరిగి, మొహం గంటు పెట్టుకుని తీర్పు చెప్పాడు.

"లోడు నీదే. పిల్ల సంగతి మాత్రం ఇప్పుడు కాదు. రేపట్నుంచీ రోజూ హార్బరు నుంచి తిరిగొచ్చి, మా గుమ్మం ముందు నిలబడి, ఆ రోజు బండి ఎంతిచ్చిందో ఉన్నదున్నట్టు సెప్పాల. వచ్చే వేసంగిలో వేట ఆపేత్తారు గదా, అప్పుడు సూద్దాం నీ మాట తిన్నగయ్యిందో నేదో."

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ సముద్రం మీదకి వెళ్ళకూడదని ఆపేస్తారు. మా వాళ్ళ పెళ్ళిళ్ళు చాలావరకు అప్పుడే. అంటే పది నెలలు.

ఆ పది నెలలు ఎలా గడిచాయో చెబితే మీరు నవ్వు ఆపేస్తారు. రోజూ మధ్యాహ్నం బండి ఆపి, గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. లోపలికి రమ్మనేవాళ్ళు కాదు. తలుపు సగం వేసి ఉండేది. దాని వెనక గాజుల చప్పుడు.

"ఎంతిచ్చింది?" అని మావ అడిగేవాడు.

"పదమూడు మావా."

"ఊఁ. ఎల్లు."

అంతే. ఇంకో మాట లేదు. పొద్దున్న ఒడ్డు మీద తను నాకు అంకెలు చెప్పేది, మధ్యాహ్నం గుమ్మం ముందు నేను తనకి అంకెలు చెప్పేవాణ్ణి. "పన్నెండున్నర" అన్న రోజున లోపల గాజులు నెమ్మదిగా కదిలేవి, ట్రాఫిక్కులో చిక్కుకున్నానని తెలిసినట్టు. వానలో తడిసి వచ్చి "పదమూడు" అంటే, తలుపు సందులోంచి ఒక పొడి తువ్వాలు బయటికి వచ్చేది. చెయ్యి మాత్రం మణికట్టు దాకానే కనిపించేది. ఒకసారి చేపలు సరిగా పడక, సగం లోడుతోనే పోయి వచ్చి, "పదిహేను మావా," అన్నాను. నిజంగానే వచ్చింది. "అబద్దం," అని తలుపు వెనక నుంచి వినిపించింది. ఆ వెంటనే నవ్వు. మావ ఆ నవ్వు విని, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఆ రోజు ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. బండికి దారి తెలుసు కాబట్టి వెళ్ళిపోయి ఉంటాం.

వేసవిలో మా పెళ్ళయింది. ఎర్రయ్య పెద్ద అక్షింతలు వేస్తూ, "డీజిల్లా పొంగిపోండి," అని దీవించాడు.

పెళ్ళయ్యాక మాకు ఒక గొడవ మొదలైంది. నేను పోసింది రెండు లీటర్లు. తను పోసింది రెండు. కలిపితే నాలుగు. బండి తాగింది అయిదు దాటి. ఇంకా లీటరు పైన ఖాళీ ఉండాలి గదా, పొంగడమేమిటి?

"నువ్వే కంగారులో ఎక్కువ పోసీసుంటావ్," అనేది రత్నం.

"నువ్వే పోసుంటావ్. పడవ క్యాను పెద్దది."

"తూకంలో నాను తప్పుతానేటి?"

ఎనిమిదేళ్ళు వాదించుకున్నాం. తేలలేదు.

రెండేళ్ళ కిందట పోలయ్య మావకి కంట్లో పొర తీయించి, ఆస్పత్రి నుంచి అదే బండిలో బీచి రోడ్డున తీసుకొస్తున్నాను. కంటికి పచ్చటి గుడ్డ కట్టుకుని పక్క సీటులో కూర్చున్నాడు. మా గొడవ సంగతి ఆయనకి తెలుసు. ఎందుకో తనే ఎత్తాడు.

"ఒరే అల్లుడూ, ఆ రోజు పోసింది ఇద్దరు కాదురా. ముగ్గురు."

"మూడోది ఎవరు మావా?"

"హార్బరులో నువ్వు పెట్టెలు మోత్తన్నప్పుడు మా సావాసగాడి పడవ కాడ రెండు లీటర్లడిగి నానే పోసాను."

బ్రేకు వేశాను. వెనకవాడు హారను కొట్టాడు.

"నువ్వా మావా? ఎందుకు?"

"ఆ బండి ఇరవై ఇవ్వదని సప్పుడు ఇనగానే తెల్సిపోదేటి నాకు? ఎర్రయ్య ముందు నీ పరువు పోతాదని పోసాను. మా గుంట నీ బండొచ్చే ఏలకి జడేసుకోడం సూసాను మరి."

"అయితే పది నెలలు నన్ను గుమ్మంలో నిలబెట్టావేటి మావా, అబద్దమాడానని?"

ఆయన కట్టు కట్టని కంటితో సముద్రాన్ని చూస్తూ నవ్వాడు. "నువ్వు అంకె సెప్తే లోపల అది నవ్వేదిరా. ఇంకొన్నాళ్ళు ఇనాలనిపించింది. పెళ్ళి సేసిత్తే నీతో ఎల్లిపోద్ది గదా."

ఆ వానాకాలం దాటకుండానే మావ పోయాడు. పెళ్ళయ్యాక కూడా, కనపడిన ప్రతిరోజూ ఆయన నన్ను అడిగిన మొదటి మాట అదే, "ఎంతిచ్చింది?" అని. బండి ఇప్పుడు ముసలిదైంది. పదకొండు ఇస్తే గొప్ప. మధ్యాహ్నం భీమిలిలో ఆ గుమ్మం ముందు నుంచి పోతుంటే, అవసరం లేకపోయినా కాలు బ్రేకు మీదకి పోతుంది. తలుపు తాళం వేసి ఉంటుంది. ఒక క్షణం ఆగి మళ్ళీ కదులుతాను. దాంతో కాస్త డీజిలు పోతుంది. పోనీండి.

కాబట్టి, సింహాద్రి అప్పన్న సాక్షిగా, గంగమ్మ తల్లి సాక్షిగా, ఆ బంకులో గొట్టం పట్టుకున్నావిడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో ఏ బండికైనా, ఎవరి ముందైనా, ఎంత అందమైన అమ్మాయి తలెత్తి చూసినా సరే, మైలేజీ అర కూడా ఎక్కువ చెప్పను. లోడుతో ఎంత, ఖాళీగా ఎంత, వానలో ఎంత, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

అడిగేవాళ్ళు ఉండాలి గానీ.